నడిచే మోటరు, పోసే బోరు

మోటరు నడుస్తుంది. బోరు పోస్తుంది. జనగామ చుట్టుపక్కల ఏ రైతును పలకరించినా ఈ రెండు మాటల్నీ ఒకటి చేసి చెప్పడు. కరెంటు ఉంటుంది, స్టార్టరు డబ్బా గుయ్యిమంటుంటుంది. పైపు మూతి మాత్రం బుస్సుమని గాలి వదిలి, గుక్కెడు నీళ్లు కక్కి ఊరుకుంటుంది. ఒడ్డున నిలబడ్డ పెద్దాయన అరచెయ్యి పైపుకు అడ్డం పెట్టి చూస్తాడు. ‘ఎట్లుంది బాపూ?’ అంటే, ‘మోటరైతే నడుస్తంది బిడ్డా, బోరే ఆగి ఆగి పోస్తంది’ అంటాడు. యాసంగి వరి పొట్టకొచ్చిన వేళ ఆ రెండు క్రియల మధ్యే ఆ ఇంటి పంట ఉంటుంది. ఇంగ్లీషులో రాస్తే రెండు చోట్లా ‘రన్’ అనేస్తే చెల్లిపోతుంది.

ఇంగ్లీషు నోట్లను తెలుగు చేసి జిల్లా పేజీలకు ఎక్కించడం నా వృత్తి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వార్తలు దిద్దుతున్నప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది పెద్ద పెద్ద సాంకేతిక పదాల దగ్గర కాదు, ఈ మూడక్షరాల ‘రన్’ దగ్గరే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కొత్త కూర్పులో ఒక్క క్రియగానే దీనికి 645 అర్థాలు తేలాయని 2011లో వార్తలొచ్చాయి. ఆ పద్దు తయారుచేయడానికి పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. అంతకుముందు ‘సెట్’ అనే మాటది పైచేయి. యంత్రాలొచ్చాక ‘రన్’ దాన్ని దాటిపోయింది. రైలు, గడియారం, మిల్లు, చివరికి కంప్యూటర్లో ప్రోగ్రాము, అన్నీ ఇంగ్లీషులో పరుగెత్తేవే.

ఆ యంత్రాలు మన దగ్గరకూ వచ్చాయి. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దాకా రైలు మార్గం 1889లో పూర్తయింది. జనగామ, మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్ ఆ దారిలోనే ఉన్నాయి. అంత వేగంగా పోయే బండిని కళ్లారా చూసి కూడా మనవాళ్లు దానికి నడకనే ఇచ్చారు. మానుకోట స్టేషన్లో ఇవాళ్టికీ బండి ‘గంట లేటు నడుస్తంది’. భూపాలపల్లి కేటీకే (కాకతీయ ఖని) బొగ్గు గనుల్లో రెండో షిఫ్టు నడుస్తుంది. చెల్పూరు థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్లదొకటి, 600 మెగావాట్లదొకటి, రెండు యూనిట్లూ నడుస్తాయి. మిర్చి యార్డుకు తేజ రకం బస్తాలు తెచ్చిన రైతు దించకముందే అడిగే మొదటి మాట ‘తేజ ఎంత నడుస్తంది?’ అని. ధర కూడా నడిచేదే. కూలికి పోయి మిరపకాయ ఏరి, ముగ్గురు పిల్లల్ని చదివించిన తల్లి గురించి ‘ఒక్కతే ఇల్లు నడిపింది’ అంటారు. ఇక్కడ ‘నిర్వహించింది’ అని రాయడానికి నాకు చెయ్యి రాదు. నడపడంలో రోజూ లేచి ఒక అడుగు వేయడం ఉంది. నిర్వహణలో ఆఫీసు ఉంది, సంతకం ఉంది.

పరుగు వేరు. దాంట్లో ఆయాసం ఉంది, తొందర ఉంది, ఒక్కోసారి భయం ఉంది. తెలంగాణ నోట అది ఉరుకుడు. పిల్లలు ఉరుకుతారు, లేగదూడ ఉరుకుతుంది. అందుకే ‘అభివృద్ధి పనులు పరుగులు’ అనే శీర్షిక కనబడితే కొట్టేస్తాను. రోడ్డు పనికి ఆయాసం అంటగట్టడం నాకు నచ్చదు.

నీళ్ల దగ్గరికొస్తే క్రియలు ఇంకా విడిపోతాయి. కాలువ పారుతుంది, నల్లా వస్తుంది, బోరు పోస్తుంది, నిండిన చెరువు మత్తడి దూకుతుంది. ముక్కు కారుతుంది. పారడం నీళ్లదే అనుకుంటామా, దొంగ కూడా పారిపోతాడు. ప్రేమించినవాడితో వెళ్లిపోయిన పిల్ల మాత్రం లేచిపోతుంది. సినిమా ఆడుతుంది. ఊళ్లోంచి పోయే తొవ్వ పోతూనే ఉంటుంది. ఇంగ్లీషులో ఇవన్నీ ‘రన్’లే. అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో పరుగెత్తితే, పాలకుర్తిలోనైనా డోర్నకల్‌లోనైనా మన అభ్యర్థి నిలబడతాడు.

పర్యాయపదాల పుస్తకం చేతిలో ఉంటే ఈ పని సులువనుకుంటారు. పీటర్ రోజె తన థెసారస్‌ను లండన్‌లో అచ్చు వేసింది 1852లో. అదే ఏడు మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. రెండూ నా బల్ల మీద ఉంటాయి, రెండింటికీ నేను రుణపడి ఉన్నాను. రోజె మాటల్ని భావాల వారీగా ఒకచోట చేర్చి పెడతాడు. వాటిలో ఏది ఎక్కడ అతుకుతుందో ఆయా వృత్తుల పనులు చేసేవాళ్లకే తెలుసు. ఈ సంగతి బాగా గ్రహించినవారు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన ఊళ్లకు మనుషుల్ని పంపి, రైతుల నోటి నుంచే మాటలు రాయించి, మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలను 1962లో తెచ్చారు. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. తెలుగులో ఇంత గొప్ప పని ఇంకోటి జరగలేదని నా అభిప్రాయం. నిజానికి జనం నోటి మాటకు పుస్తకంలో పీట వేయడం ఈ నేలకు కొత్త కాదు. జనగామ జిల్లా పాలకుర్తి సోమనాథుడు జానుతెనుగే కావాలని, ద్విపదను పట్టుకుని బసవపురాణం రాశాడు.

అరువు మాటల మీద నాకు కోపం లేదు. మోటరు, బోరు, స్టార్టరు, షిఫ్టు, అన్నీ బయటి నుంచి వచ్చినవే. రైతు వాటిని సొంతం చేసుకుని, ఒక్కోదానికి తనదైన క్రియ తగిలించాడు. నా బెంగ ఆ క్రియల గురించే. ఈమధ్య వచ్చే వార్తల్లో బోరు రన్ అవుతోంది, కాలువ రన్ అవుతోంది, బడి రన్ అవుతోంది, దుకాణం రన్ చేస్తున్నారు. ‘బోర్లు రన్ అవుతున్నాయి’ అని రాసిన వార్త చదివితే నీళ్లున్నాయో లేవో తెలియదు. మోటర్లు నడుస్తూ బోర్లు పోయకపోతే అది కరువు వార్త. అందుకే అలాంటి కాపీ వస్తే విలేకరికి ఫోన్ చేసి, ‘తమ్మీ, నడుస్తున్నయా, పోస్తున్నయా?’ అని అడుగుతాను. చాలాసార్లు అతను మళ్లీ ఊళ్లోకి వెళ్లి అడిగి రావాల్సి వస్తుంది. వార్త మొదటి వాక్యమే మారిపోతుంది.

1962 నాటి వృత్తిపదకోశం మోటబావుల కాలపు పుస్తకం. బోరు దాని తర్వాత ఊరూరా వచ్చింది. రెండించుల నీళ్లు, ఆగి ఆగి పోసుడు, కాలిన మోటరు, ఫెయిలైన బోరు, ఇవేవీ ఆ సంపుటంలో వెతకాల్సినవి కావు. మిర్చి యార్డు మాటలు, కేటీకే కార్మికులు గనిలో అనుకునే మాటలు కూడా అంతే. జనగామలో మోటర్లు దించి ఎత్తే మెకానిక్కు పక్కన ఒక ఎండాకాలం కూర్చుని రాసుకునే విద్యార్థి ఎవరైనా ముందుకొస్తే, ఆ రాతలు దిద్ది అచ్చుకు సిద్ధం చేసే పని నేను చేస్తాను.