ఈకల కిరీటం లేని థ్యాంక్స్‌గివింగ్

నవంబరు మూడో వారం వచ్చేసరికి అమెరికాలోని ఎన్నో ప్రీస్కూళ్లలో కత్తెర్లు, జిగురు, రంగు కాగితాలు బల్లల మీదికి వస్తాయి. సగం మంది పిల్లలకు నల్ల టోపీలు, మిగతా సగానికి తల చుట్టూ కాగితం పట్టీ, దానికి గుచ్చిన రంగురంగుల ఈకలు. టోపీల వాళ్లు వలస వచ్చిన ఇంగ్లిషువాళ్లు, ఈకల వాళ్లు మూలవాసులు. అందరూ కలిసి కూర్చుని తింటే థ్యాంక్స్‌గివింగ్ పాఠం అయిపోతుంది. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో చదివే మన పిల్లల ఫొటోలు ఆ ఈకలతోనే ఇక్కడి తాతయ్యల, అమ్మమ్మల ఫోన్లకు చేరతాయి. పండుగ ఉండాలి, విందూ ఉండాలి. ఆ వేషం మాత్రం పోవాలి. నాలుగేళ్ల బిడ్డకు ఎంత తక్కువ చెప్పినా ఫర్వాలేదు గానీ, పెద్దయ్యాక తప్పని తెలిసి చెరిపేసుకోవాల్సినది చెప్పకూడదు.

ఆ పాఠానికి మూలం 1621 శరత్కాలంలో ఇంగ్లిషువాళ్ల వలస ఊరు ప్లిమత్‌లో జరిగిన విందు. దాని గురించి, కళ్లారా చూసినవాళ్ల రాతల్లో మిగిలింది వలస వచ్చినవాళ్లలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో ఉత్తరంలోని కొద్ది వాక్యాలే. అక్కడి మూలవాసులైన వాంపనోగ్‌ల నాయకుడు మసాసోయిట్ దాదాపు 90 మందితో వచ్చాడనీ, 3 రోజులు విందు సాగిందనీ, వాళ్లు 5 జింకలను వేటాడి తెచ్చారనీ అందులో ఉంది. తరగతి గదిలో కనిపించే పొడుగాటి ఈకల కిరీటం అక్కడికి చాలా దూరాన, మైదాన ప్రాంతాల్లో బతికిన జాతులది. వాంపనోగ్‌లది అట్లాంటిక్ తీరం. వాళ్ల ఇళ్లు కూడా బొమ్మల పుస్తకాల్లోని డేరాలు కావు, కొయ్య చట్రం మీద చెట్టు బెరడో చాపలో కప్పిన గుండ్రటి కప్పు ఇళ్లు. అసలు ప్లిమత్ లేచిందే పటుక్సెట్ అనే వాంపనోగ్ ఊరి నేల మీద. 1616-19 మధ్య వచ్చిన మహమ్మారి ఆ ఊరిని ఖాళీ చేసింది. విందు జరిగిన యాభై నాలుగేళ్లకు, 1675లో, మసాసోయిట్ కొడుకు మెటాకామ్‌కూ ఇంగ్లిషువాళ్లకూ ఘోరమైన యుద్ధం జరిగింది. ఇక 1863లో లింకన్ జాతీయ థ్యాంక్స్‌గివింగ్ ప్రకటించినప్పుడు ఆ ప్రకటనలో 1621 ఊసే లేదు. ఆ విందుకూ ఈ పండుగకూ ముడి గట్టిపడింది ఆ తర్వాతే.

పసిపిల్లలకు మహమ్మారి, యుద్ధం ఏం చెబుతామని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అవి చెప్పమని ఎవరూ అనడం లేదు. అయితే ఆ వయసులో మనసున నిలిచేది కథ కంటే బొమ్మ. ఈకలు కట్టుకున్న పిల్లాడికి, ఇలాంటి మనుషులు ఎప్పుడో ఉండేవాళ్లు, ఇప్పుడు లేరు అన్న సంగతి ఎవరూ నోటితో చెప్పకుండానే ఎక్కుతుంది. వాంపనోగ్‌లు నేటికీ మసాచుసెట్స్‌లో, మాష్పీలోనూ అక్విన్నాలోనూ ఉన్నారు. వందేళ్లకు పైగా మాట్లాడేవాళ్లు లేకుండా పోయిన తమ భాషను జెస్సీ లిటిల్ డో బెయిర్డ్ నాయకత్వంలో 1993 నుంచి తిరిగి నిలబెట్టుకుంటున్నారు. ఆ పనిలో భాగంగా మాష్పీలో చిన్నపిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పే బడి కూడా పెట్టుకున్నారు. మరీ చిన్న వయసని మనం వెనకాడే పిల్లల చేతికే వాళ్లు తమ భాషను అప్పగిస్తున్నారు.

మరి టీచరు ఏం చేయాలి? ఎండిన మొక్కజొన్న పొత్తు ఒకటి పిల్లల చేతికిస్తే చాలా దూరం వెళ్లొచ్చు. ముదురెరుపు, పసుపు, నీలం గింజలున్న పాతకాలపు రకమైతే మరీ మంచిది. బొటనవేలితో నొక్కి గింజ ఊడదీయడానికే వాళ్లకు పది నిమిషాలు పడుతుంది. వసంతంలో ఆ గింజతో పాటు చిక్కుడు, గుమ్మడి ఒకే గుట్టలో నాటితే చిక్కుడు తీగ మొక్కజొన్న కాండం పట్టుకుని పాకుతుంది, గుమ్మడాకులు నేలను కప్పి తడి ఆరనివ్వవు. ఇలా పండించడం తెలిసినవాళ్లు వాంపనోగ్‌లు, ఇవాళా ఉన్నారు అని ఒక్క వాక్యం చెబితే సరిపోతుంది. 2022లో వచ్చిన ‘కీపునుముక్’ బొమ్మల పుస్తకం ఆ విందు కథను మొక్కజొన్న వైపు నుంచి చెబుతుంది. దాని రచయితల్లో ఒకరు మాష్పీ వాంపనోగ్. వాంపనోగ్‌ల కృతజ్ఞత నవంబరుకే పరిమితం కాదు. స్ట్రాబెర్రీలు పండే జూన్‌లో ఒక పండుగ, అక్విన్నాలో అక్టోబరులో క్రాన్‌బెర్రీ రోజు ఉన్నాయి.

వేషం కట్టడం పిల్లలకు సరదా కదా, మనమూ కృష్ణుడి వేషం కట్టమా అని మన తల్లిదండ్రులే అంటారు. కృష్ణుడి వేషం మన ఇంటిది, మన భక్తిలోంచి వచ్చింది. పోలిక కావాలంటే ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నాట్యపు నెమలి పింఛాల కిరీటాన్ని తలచుకోండి. దండారీ పండుగలో దాన్ని పూజించి, నియమాలతో ఉండేవాళ్లే తలకెత్తుకుంటారు. దాన్ని చార్టు పేపరుతో కత్తిరించి ఏ స్కూలు వార్షికోత్సవంలోనో ఊరికే తొడిగితే గోండు తల్లికి ఎలా ఉంటుంది? మైదాన జాతుల కిరీటమూ అలా గౌరవంగా సంపాదించుకునేదే. 2008లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో కిండర్‌గార్టెన్ వేషాల మీద తల్లిదండ్రుల మధ్య పెద్ద గొడవే అయింది. విందు ఉంచి వేషాలు తీసేయాలని స్కూలు అధికారులు నిర్ణయించారు. నాకు అది సరైన తీర్పుగానే కనిపిస్తుంది. అదే ఏడాది మనస్తత్వ శాస్త్రవేత్త స్టెఫనీ ఫ్రైబర్గ్ బృందం అచ్చువేసిన పరిశోధనలో, ఇలాంటి మూస బొమ్మలు చూసిన మూలవాసీ విద్యార్థులకు తమ మీద, తమ సమాజం మీద గౌరవం తగ్గినట్టు తేలింది. అది ప్రీస్కూల్ వయసువాళ్ల మీద చేసింది కాదు, నిజమే. కానీ ఆ మూసను మొదట అచ్చుపోసేది ప్రీస్కూలే కదా. క్లాసులో మూలవాసీ బిడ్డ ఎవరూ లేరనడమూ నిలవదు. ముఖం చూసి అది చెప్పలేం.

మన పిల్లలు పెరిగే చోట్లకూ మూలవాసులున్నారు: న్యూజెర్సీ నేల లెనాపేలది, సియాటిల్ దువామిష్‌లది. వాషింగ్టన్ రాష్ట్రం 2015లో అక్కడి జాతుల చరిత్రను బడుల్లో తప్పనిసరి చేసింది. ఆ పాఠాలు ఆ జాతులతో కలిసి తయారైనవి, ఏ టీచరైనా తెచ్చుకోవచ్చు. వచ్చే వారం బడి నుంచి ఈకల పట్టీ తయారుచేసి పంపమని కాగితం వస్తే, మన అమ్మానాన్నలు దాని బదులు మొక్కజొన్న పొత్తులు పంపుతామని టీచరుకు రాయవచ్చు.