నాలుక మీద రాయి, భుజం మీద పాప

రాజాం చుట్టుపక్కల నుంచి వైద్యం చదవడానికి విమానం ఎక్కిన పిల్లలు జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ పట్టాలతో తిరిగొస్తున్నారు. పట్టా ఉన్నంత మాత్రాన ఇక్కడ మందుచీటీ రాయనివ్వరు. విదేశాల్లో చదివొచ్చినవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ గట్టెక్కాలి. 2002లో మొదలైన ఈ పరీక్షలో ఇప్పుడు 300 ప్రశ్నలు. 150 వస్తే పాస్, తప్పులకు కోత లేదు. సాయంత్రం ఓపీ అయ్యాక అలాంటివాళ్లు కొందరు నా దగ్గరికి పుస్తకాలతో వస్తారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "సార్, న్యూరో అనాటమీ గుర్తుండే దారేదైనా చెప్పండి."

మెదడు నుంచి తిన్నగా బయల్దేరే నరాలు పన్నెండు జతలు. వాసన, చూపు, రెప్ప, దవడ, వినికిడి, మింగుడు, మాట, ఇవన్నీ వాటి పుణ్యమే. వాటి వరస కోసం వైద్య విద్యార్థులు తరతరాలుగా వల్లించే ఇంగ్లీషు కొండగుర్తు ఒకటుంది. ఒలింపస్ కొండ కొమ్మున ఒక ఫిన్లాండువాడూ ఒక జర్మనీవాడూ నిలబడి హాప్స్ తీగల్ని చూశారట. ఆ మాటల మొదటి అక్షరాలే నరాల పేర్ల మొదటి అక్షరాలు. హాప్స్ అంటే బీరు తయారీలో వాడే పువ్వని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అది పోనీ అనుకుందాం. అసలు చిక్కు వేరే ఉంది. మొదటి మూడు మాటలూ 'ఓ'తోనే మొదలవుతాయి. ఏ 'ఓ' వాసనదో, ఏ 'ఓ' చూపుదో అక్షరం చెప్పదు. ఆ వెంటనే రెండు 'టీ'లు, వాటిదీ అదే తంతు. తీరా పేరు గుర్తొచ్చినా పని గుర్తు రాదు. పరీక్షలో అడిగేదేమో పని గురించే: "మెట్లు దిగుతుంటే ఒక్కోటీ రెండుగా కనిపిస్తోందట, ఏ నరం?"

మన దగ్గర ఇంతకంటే గట్టి పనిముట్టు ఉంది. సంగీతం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. 72 మేళకర్త రాగాల్లో ఏది ఎన్నోదో దాని పేరే చెబుతుంది. దాన్ని కటపయాది అంటారు. క నుంచి ఝ దాకా వరసగా 1 నుంచి 9, ఞ సున్న. ట నుంచి ధ దాకా మళ్లీ 1 నుంచి 9, న సున్న. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. గుణింతాలతో పని లేదు, జంటాక్షరంలో చివరి హల్లుదే లెక్క. పేరులో మొదటి రెండు అక్షరాలకు వచ్చిన అంకెల్ని వెనక నుంచి చదవాలి. మేచకల్యాణిలో మ 5, చ 6, తిరగేస్తే 65. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిరగేస్తే 29.

రాగాలకు సరిపోయింది నరాలకెందుకు సరిపోదని పన్నెండు మాటలు ఏరాను. పెట్టుకున్న షరతు ఒక్కటే. మాటలో అంకె ఉండాలి, ఆ మాట తెచ్చే బొమ్మలో నరం చేసే పని ఉండాలి.

ఒకటి కోన: సంపెంగలు పూసిన కోన, వాసన. రెండు ఖని: గనిలో దీపం ఆరితే కన్నున్నా చూపు లేదు. మూడు బాన: దాని మీద మూత ఎత్తాలి. ఈ నరం పోతే పైరెప్ప మూతపడిపోతుంది. నాలుగు వాన: బురదలో జారకుండా కిందికి చూస్తూ నడవాలి. కనుగుడ్డును కిందికి దించే కండరం దీనిది, మెట్ల ప్రశ్నకు జవాబు ఇదే. అయిదు మాను: మూడు కొమ్మలు, నుదుటికొకటి, బుగ్గకొకటి, దవడకొకటి. ఆరు చేను: గట్టు మీద పోతూ తల తిప్పకుండా పక్క చేను మీద ఓ కన్నేయడం. కనుగుడ్డును చెవి వైపు లాగేది ఈ నరమే. ఏడు సాన: అరగదీసిన గంధం ముఖానికి, ముఖంలో కదలికకు ఈ నరం. ఎనిమిది దీన: దీనుల మొర వినాలి, చెవి. తొమ్మిది ధేను: మింగిన మేతను గొంతులోంచి మళ్లీ పైకి తెచ్చుకుంటుంది, మింగుడు. పది నక్క: ఒకచోట నిలవదు. ఈ నరమూ గొంతు దాటి గుండె, ఊపిరితిత్తులు, పొట్ట అన్నీ చుట్టబెడుతుంది. పదకొండు పాప: భుజానికెత్తుకోవాలి, భుజాలు ఎగరేయించే నరం. పన్నెండు రాయి: నాలుక మీద పెడితే నాలుక కదలదు. ఈ నరం దెబ్బతిన్న పక్కకే నాలుక ఒరుగుతుంది.

ఇది చెప్పగానే పిల్లలు ఎగిరి గంతేయలేదు. చాలామంది ఇంగ్లీషు మీడియం. అక్షరాలన్నీ వచ్చు, వరస రాదు. థ తర్వాత 'ద'నా, 'ధ'నా అని గొణుక్కున్నారు. ఒక సాయంత్రమంతా క, ట, ప, య వరసలు బోర్డు మీద రాసుకోవడానికే పోయింది. ఆ మర్నాడు ఏలూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు లేచి, "సార్, ఎనిమిదికి 'దీన' ఎందుకండీ, మా వైపు తాటి దోనె ఉంటుంది కదా" అన్నాడు. ద 8, న సున్న, దోనె కూడా ఎనిమిదే. పైగా ఎనిమిదో నరానికి వినికిడితో పాటు ఒంటి తూకం కూడా చూసుకునే పని ఉంది. దోనెలో లేచి నిలబడి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. నా మాటలో సగం పనే ఉంది, వాడి మాటలో మిగతా సగం ఉంది. ఆ రోజు నుంచి మాటలు ఎవరివి వాళ్లే కట్టుకోమంటున్నాను.

సొంతంగా కట్టుకోమనడానికి అవధానమే నాకు ఆధారం. మనకు దగ్గర్లోనే, బలిజిపేట పక్కన అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథతో పాటు అష్టావధానాలూ చేశారు. పృచ్ఛకులు తలో వైపు నుంచి లాగుతుంటే అవధాని పద్యాల్ని ముక్కలు ముక్కలుగా చెబుతూ పోతాడు, చివర్లో ధారణలో అన్నిటినీ పూర్తిగా అప్పజెబుతాడు. ఇతరుల పద్యాలైతే అంత సులువుగా నిలవవు. యతి ఎక్కడ వేశాడో, ప్రాసకు ఏ అక్షరం పట్టాడో తనకు తెలుసు గనక ఒక పాదం అందితే తక్కింది దాని వెంట వస్తుంది. మాట కట్టేటప్పుడు పడిన తంటాయే దాన్ని తలలో నిలబెడుతుంది.

అంకెను పట్టుకోవడంలో మరో లాభం ఉంది. ఆస్ట్రేలియా న్యూరాలజిస్టు పీటర్ గేట్స్ 2005లో మెదడుకాండం గురించి నాలుగుల సూత్రం ఒకటి ప్రచురించారు. చివరి నాలుగు నరాలు దాని అడుగు భాగమైన మెడుల్లాలో, వాటిపై నాలుగు నడిమి భాగమైన పాన్స్‌లో, మొదటి నాలుగు ఆ పైన. ఒకటీ రెండూ వదిలేస్తే, 12ను శేషం లేకుండా భాగించే 3, 4, 6, 12 నరాల కేంద్రాలు మధ్యగీతను ఆనుకుని ఉంటాయి. 5, 7, 9, 11 పక్కలకు జరిగి ఉంటాయి. అంటే అంకె తెలిస్తే ఇంటి అడ్రసు తెలిసినట్టే. నాలుక ఎడమకు ఒరిగింది, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి అని ప్రశ్న వస్తే, రాయి పన్నెండు, పన్నెండు మెడుల్లా, 12ను భాగిస్తుంది గనక మధ్యగీత పక్కన. చేతికీ కాలికీ ఆజ్ఞలు మోసే దారి ఇంకా కిందికి వెళ్లాక పక్క మారుతుంది గనక దెబ్బ ఎడమ వైపు. ఒలింపస్ కొండ ఎక్కితే ఈ దారి కనిపించదు.

దీనికీ ఒక హద్దుంది. "మూతి వంకరపోనాది బాబూ" అంటూ ఒకరు ఓపీకి వస్తారు. సాన, ఏడు, ముఖం, అంతవరకు మాట తీసుకెళ్తుంది. అక్కడి నుంచి ఆలోచించాలి. కనుబొమలు పైకెత్తమంటాను. ఆ పక్క నుదురు కూడా ముడతలు పడకపోతే చాలావరకు జబ్బు నరంలోనే ఉంది. నుదురు బాగానే ముడతలు పడి మూతి ఒక్కటే వంకరగా ఉంటే అది పైన, మెదడులో. నుదుటికి మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు వస్తాయి, ఒక సగం పడకేసినా రెండోది నడిపిస్తుంది. రెండో రకం మనిషిని కూర్చోబెట్టి కబుర్లు చెప్పకూడదు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, వెంటనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి బండి కట్టించాలి.

అందుకే మా గదిలో మొదట మాట, తర్వాత బొమ్మ గీయడం, ఆ తర్వాత పక్కవాడి మీద పరీక్ష. నాలుక చాపించాలి, భుజాలు ఎత్తించాలి, నుదురు ముడిపించాలి. అంతదాకా వచ్చినవాళ్లకు కొన్నాళ్లకు మాటతో పని తగ్గిపోతుంది. 'నక్క' అంటే నవ్వేస్తారు గానీ పదో నరం ఏం చేస్తుందో తడుముకోకుండా చెబుతారు.