‘తను’ దాచినా క్రియ పట్టిస్తుంది

మా టీమ్‌లో ఒకరు ప్రొఫైల్‌లో పేరు పక్కన ‘దే/దెమ్’ అని రాసుకుంటారు. ఇంగ్లీషులో రెండు వారాల్లో అలవాటైపోయింది. ఇబ్బందంతా ఇంట్లోనే. ‘రాత్రంతా కాల్‌లో ఎవర్రా?’ అని అమ్మ అడిగితే ‘తను’ అని మొదలుపెట్టి క్రియ దగ్గర ఆగిపోయాను. తను రిలీజ్ ఆపించాడా, ఆపించిందా?

ఆ తడబాటుతోనే ఉర్సులా లె గ్విన్ ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ (1969) మళ్ళీ చదివాను. గెథెన్ అనే మంచుగ్రహంలో మనుషులకి ఆడా మగా అనే స్థిరమైన తేడా ఉండదు. నెలలో కొద్దిరోజులు మాత్రం ఎటో ఒకవైపు మారతారు. రాజు కూడా కడుపుతో ఉండొచ్చు. ఇంత దూరం ఊహించిన రచయిత్రి సర్వనామం దగ్గరికొచ్చేసరికి అందర్నీ ‘హీ’ అనేశారు. దాంతో ఎస్ట్రావెన్ మంచులో బండి లాగుతుంటే నాకు మగమనిషే కనిపించాడు. కాదని ప్రతి పేజీలో గుర్తుచేసుకోవాల్సి వచ్చింది.

నవల లోపలే ఒక పరిశీలకురాలు ఈ సంగతి ఒప్పుకుంటుంది. ‘హీ’ వాడేకొద్దీ వీళ్ళు మగవాళ్ళు కారన్నది తనే మర్చిపోతున్నానంటుంది. అంటే బగ్ ఉందని రచయిత్రికి తెలుసు, తెలిసే వదిలేశారు. కొత్త సర్వనామం పుట్టించి ఇంగ్లీషుని పాడుచేయనని 1976లో ఒక వ్యాసంలో సమర్థించుకున్నారు. 1987లో అదే వ్యాసం పక్కన నోట్సు రాసి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. పాతవాదం చెరిపేయకుండా దాని పక్కనే దిద్దుబాటు పెట్టారు. నాకు నవలకన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

ఏకవచన ‘దే’ని చాలామంది నేటి ఫ్యాషన్ అనుకుంటారు. అది పద్నాలుగో శతాబ్దం నుంచీ ఇంగ్లీషులో ఉంది. దాన్ని కోరుకునేవాళ్ళలో కొందరు తాము ఆడా మగా రెండూ కాదనుకుంటారు. ఇంకొందరికి తమ గురించి మొదట తెలియాల్సింది అదే కావడం ఇష్టం ఉండదు. లె గ్విన్ నవల వాళ్ళకి సాక్ష్యం: ఒక్క చిన్నమాట పదేపదే వస్తే మూడొందల పేజీల ఊహని ఓడించగలదు.

తెలుగు తీరు వేరు. ‘వచ్చాను’లో లింగం లేదు, ‘వచ్చావు’లోనూ లేదు. మనిషి తన గురించి తను చెప్పుకున్నంతసేపూ భాష ఏమీ అడగదు. మూడోమనిషి నోరు తెరిస్తేనే అడుగుతుంది. ‘తను’ అని తప్పించుకుందామంటే క్రియ పట్టిస్తుంది. ‘వచ్చింది’ ఆడమనిషికీ ఆవుకీ బస్సుకీ సరిపోతుంది గానీ, అది తటస్థం కాదు, ‘మగ కాదు’ అని మాత్రమే.

మిగిలింది ‘వచ్చారు’. అందులో లింగం మాయమవుతుంది. కానీ ఆ ‘రు’ని మనం వయసూ హోదా, ఒక్కోసారి కులం చూసి ఇస్తాం. పైగా అది దూరం పెంచుతుంది. ఈ నవలని తెలుగు చేస్తే మంచుమీద ఒకే గుడారంలో పడుకున్న ఇద్దరు స్నేహితుల మధ్య ‘రు’ అడ్డంగా కూర్చుంటుంది. అయినా ‘హీ’ కన్నా నయమనే నా అభిప్రాయం. దూరాన్ని కథ తగ్గించగలదు. తప్పుగా గీసిన బొమ్మని చెరపడం కష్టం.

చివరికి అమ్మతో ‘తను రిలీజ్ ఆపించారు’ అన్నాను.

‘మీ మేనేజరా?’

‘కాదమ్మా. నాకన్నా ఆరేళ్ళు చిన్న.’

‘మరి అంత మర్యాద దేనికి?’ అంది అమ్మ.