బిస్మిల్లాహ్ వాక్యము - క్రియాధ్యాహారము

ఖురాను పఠనమునకును, గ్రంథరచనకును, భోజనమునకును, ప్రయాణమునకును ముందు ముస్లిములు పలుకు 'బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం' అను వాక్యమును మన పరిశోధకులు తఱచుగా 'ఇస్లాము మంగళాచరణము' అని ఒక్కమాటతో నిర్వచించి విడిచిపెట్టుచుందురు. పోలిక కొంతవఱకు సమంజసమే. కాని దండి చెప్పిన ఆశీస్సు, నమస్క్రియ, వస్తునిర్దేశము అను మూడింటిలో ఇది దేనియందు చేరును? ఇందు ఆశీర్వచనము లేదు, నమస్కారవాచకము లేదు, రాబోవు వస్తువు సూచింపబడలేదు. అసలు క్రియాపదమే లేదు.

'బి' అనునది పదమునకు ముందు చేరి మన తృతీయా విభక్తివంటి అర్థము నిచ్చును. 'ఇస్మ్' అనగా పేరు. 'అల్లాహ్ పేరిట' అనుటయే కాని, ఏమి చేయుచున్నదియు వాక్యము చెప్పదు. కావున వ్యాఖ్యాతలు క్రియను అధ్యాహారము చేసిరి. కొందఱు 'ప్రారంభించుచున్నాను' అని పూరించిరి. 1144లో మరణించిన జమఖ్షరీ తన 'కష్షాఫ్' వ్యాఖ్యయందు, పఠించువానికి 'పఠించుచున్నాను' అనునదే అధ్యాహార్యమనియు, ఏ పనికి ఆ పనియే క్రియ యగుననియు, దానిని పేరునకు పిమ్మటనే నిలుపవలెననియు చెప్పెను. అరబ్బీలో క్రియ సాధారణముగా ముందు వచ్చును గనుక, దానిని వెనుకకు త్రోయుటచే దేవుని పేరునకు ప్రాధాన్యము సిద్ధించును.

నాకు ఈ మతమే సమంజసముగా తోచుచున్నది. అన్నము ముందు కూర్చున్నవాడు పలికినపుడు తినుటయే ఆ క్రియ. ప్రయాణికుడు పలికినపుడు బయలుదేరుటయే. 'ప్రారంభించుచున్నాను' అని తెనుగున చేర్చు అనువాదకులు ఈ విస్తృతిని కుదించుచున్నారు. తెనుగున క్రియ సహజముగనే చివర నుండును గావున జమఖ్షరీ చూపిన ప్రాధాన్యము మన చెవికి తెలియదు. దానికి ప్రతిక్రియ లేదు. లేని క్రియను చేర్పకుండుట మాత్రము మన చేతిలోని పని.

రహ్మాన్, రహీం అను విశేషణములు రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. గర్భాశయమును తెలుపు అరబ్బీ పదమును ఆ ధాతుజమే. మొదటిది దేవునికే చెల్లును. రెండవది మానవునికిని చెల్లును - 9వ సూరాలో ప్రవక్తయే రహీం అనబడెను. 'కరుణామయుడు, కృపాశీలుడు' అన్నచో అర్థము వచ్చును గాని ధాతుబంధము తెగిపోవును. 'దయామయుడు, దయాళువు' అనుట మేలు. దయాళువను మాటను మనుష్యులయెడ మనము వాడుచునే యున్నాము.

ఖురానులోని 114 సూరాలలో 9వది తప్ప తక్కినవన్నియు ఈ వాక్యముతో ఆరంభమగును. 27వ సూరాలో షేబా రాణికి సులైమాను పంపిన లేఖయందు ఇది మఱల వచ్చుటచే మొత్తము ప్రయోగములు 114 అగుచున్నవి. 9వ సూరా తెగతెంపుల ప్రకటనముతో మొదలగుటచే అచట దయావాచకము పొసగదని ఒక సమాధానము. 8, 9 సూరాలు ఒక్కటే యను భావన మఱొకటి. మొదటిదానికి ఆచారమునుండి ఉపోద్బలకము కలదు. జంతువును కోయునపుడు 'బిస్మిల్లాహి, అల్లాహు అక్బర్' అనుట పరిపాటి, దయావిశేషణముల నుచ్చరింపరు. పేరు లేనిదే ఆ మాంసము తినరాదని 6వ సూరా శాసనము.

మన దేశమున దుకాణములపైనను లేఖల తలపైనను కానవచ్చు 786 ఈ వాక్యాక్షరముల సంఖ్యల మొత్తమే; మన కటపయాదివలె అరబ్బీలోను అక్షరములకు సంఖ్యలు కలవు. దైవనామము గల కాగితము కాళ్లక్రింద పడరాదను జాగ్రత్తచే అంకెను వ్రాయుదురు. మన లేఖల తలపై వ్రాయు 'శ్రీ'కారమునకు సాటి వెదకదలచిన, పలుకబడు వాక్యమునందు గాక ఈ అంకెయందు వెదకుట యుక్తము.