ప్లేటుకెక్కిన పద్యం

పది అంగుళాల గ్రామఫోను ప్లేటు మీద ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో కాస్త వాద్యం అనుకుంటే పాట అందులో ఎలాగో సర్దుకుంటుంది. పద్యం సంగతి వేరు. రంగస్థలం మీద ఒక్క పద్యమే నిమిషాల తరబడి సాగే రోజులవి. ముందు రాగం ఎత్తుకోవాలి, పద్యం చదవాలి, ఆఖరి అక్షరం పట్టుకుని మళ్లీ రాగం తీయాలి. అంత జరిగితే తప్ప జనం ఒప్పుకునేవాళ్లు కారు. అలాంటి పద్యాన్ని ప్లేటుకు సరిపడా కుదించి, బలం తగ్గకుండా ఇంటింటికీ చేర్చినవాడు ఘంటసాల వేంకటేశ్వరరావు. ఆయన పాటల గురించి బోలెడంత రాసుకున్నాం, పద్యాల గురించి అంతగా రాసుకోలేదు. నా మటుకు నాకు, ఆయన తెలుగుకు చేసిన పెద్ద మేలు పద్యంలోనే ఉంది.

నాటకాల వాళ్ల పద్యం

ఆ మేలు ఎంతటిదో తెలియాలంటే ముందు నాటకాల వాళ్ల పద్యం తెలియాలి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, చిలకమర్తి గయోపాఖ్యానం, బలిజేపల్లి సత్యహరిశ్చంద్ర తెలుగునాట ఊరూరా ఆడాయి. మైకు లేని కాలంలో వేల మందికి వినబడాలంటే ఐదు, ఐదున్నర శ్రుతిలో ఎత్తుకోవాల్సిందే. కాళ్ల హార్మోనియం పక్కనుంచి తోస్తుంటే నటుడు తారస్థాయిలో నిలబడేవాడు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా వేషం కట్టేవారు. వాళ్ల మధ్య పోటీ రాగంలోనే. జనం వన్స్‌మోర్ కొడితే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం అందుకునేదని ఇప్పటికీ హాస్యానికి చెప్పుకుంటారు.

ఆ పద్ధతిని చిన్నచూపు చూడటం తగదు. స్థానం నరసింహారావు, అద్దంకి శ్రీరామమూర్తి, బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి వంటి వాళ్లు ఎవరి బాణీ వాళ్లు కట్టుకున్న ఘనులు. చదువు రాని రైతుకూ భారతకథ పద్యాల్లో నోటికి వచ్చిందంటే అది వాళ్ల పుణ్యమే. అయితే వాళ్ల దారిలో నడిచిన చాలామంది చేతుల్లో రాగం పెరిగే కొద్దీ మాట చితికిపోయింది. సమాసం మధ్యలో విరిగేది, ఒత్తులు జారిపోయేవి. కొసరాగం ముగిసేసరికి పద్యం ఏం చెప్పిందో వినేవాడికి గుర్తుండేది కాదు.

విజయనగరం నుంచి మద్రాసుకు

ఘంటసాల 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. ఆ పాటకు చిన్న పిల్లవాడు చిందులేస్తుంటే ఊరివాళ్లు బాలభరతుడని ముద్దుగా పిలిచేవారు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరిన కుర్రవాడు మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, కడుపు నింపుకున్నాడు. సాలూరు చిన్నగురువుగా పేరున్న పట్రాయని సీతారామశాస్త్రి అతన్ని చేరదీసి సంగీతం చెప్పాడు. మహారాజా సంగీత కళాశాలలో చదువు పూర్తయింది. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లి, బళ్లారి దగ్గరి అలీపురం జైల్లో శిక్ష అనుభవించి వచ్చాడు. 1944లో పెదపులివర్రులో పెళ్లి చేసుకున్నాడు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యది ఆ ఊరే. మద్రాసు దారి చూపింది ఆయనే.

దారి దొరికింది గానీ తలుపు వెంటనే తెరుచుకోలేదు. గొంతు మైకుకు పనికిరాదని మొదట రికార్డుల కంపెనీలో తిప్పి పంపారని, తర్వాత హెచ్.ఎం.వి.లో పనిచేసే పేకేటి శివరాం పట్టుబట్టి పాడించాడని చెప్పుకుంటారు. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో కలిసి పాడాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ‘మనదేశం’, ‘కీలుగుర్రం’ సినిమాలకు సంగీతం కట్టాడు. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చాక ఆయన గొంతు వినని తెలుగు ఊరు లేదు.

అర్థం దగ్గర ఆగడం

ఇక పద్యం దగ్గరికి వద్దాం. పద్యానికి తాళం లేదు, నడకంతా గణాలది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. శార్దూలంలో 19, పదమూడో అక్షరం యతి. మత్తేభంలో 20, పద్నాలుగో అక్షరం యతి. ఛందస్సు ఇంత లెక్కగా ఉన్నా అర్థం ఆ లెక్కకు లోబడదు. మన కవులకు పాదం చివర మాట ముగియాలన్న నియమం లేదు. ఒక మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో తేలుతుంది. కాబట్టి పాడేవాడికి రెండే దారులు. పాదం చివర ఆగితే ఛందస్సు వినబడుతుంది, అర్థం తెగుతుంది. అన్వయం చూసుకుని ఆగితే అర్థం వినబడుతుంది, ఛందస్సు లోలోపల నడుస్తూనే ఉంటుంది. ఘంటసాల రెండో దారి పట్టాడు.

ఇందుకు మంచి ఉదాహరణ 1963 నాటి ‘నర్తనశాల’లో ఉంది. సుసర్ల దక్షిణామూర్తి సంగీతం కట్టిన ఆ సినిమాలో, ఉత్తరుడికి అర్జునుడు కౌరవ వీరుల జెండాలు గుర్తులు చెప్పి చూపించే తిక్కన సీసపద్యం ఉంది. నాలుగు సీస పాదాల్లో ద్రోణుడు, అశ్వత్థామ, కృపుడు, కర్ణుడు వరసగా వస్తారు. పాదం ముగిసిన చోటే వీరుడి పేరు కాబట్టి అంతవరకూ ఇబ్బంది లేదు. కింది తేటగీతిలోనే కవి మెలిక పెట్టాడు. దుర్యోధనుడి పేరు పాదం పూర్తికాక ముందే వచ్చేస్తుంది. పాదం కొసన మిగిలిన విశేషణం తర్వాతి పాదంలోని భీష్ముడి జెండాది. గాయకుడు ఏమరుపాటున పాదం చివర ఆగితే భీష్ముడి విశేషణం దుర్యోధనుడి నెత్తికెక్కుతుంది. ఆ పద్యాన్ని ఘంటసాల గొంతులో విని, ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో గమనించండి. సంగీతం రానివాళ్లకు కూడా పద్యగానమంటే ఏమిటో అక్కడ తెలిసిపోతుంది.

రెండోది ఉచ్చారణ. శ, ష, స మూడూ మూడుగానే పలకడం, ఒత్తక్షరం కింద శ్వాస వినబడటం, ద్విత్వాన్ని సాగదీయకుండా నొక్కి వదలడం ఆయన దగ్గర తప్పని నియమాలు. పొడవైన సంస్కృత సమాసాన్ని ఒకే ఊపిరిలో దాటిస్తాడు, తెలుగు క్రియ దగ్గర కాస్త నిలుస్తాడు. గమకాలన్నీ దీర్ఘాచ్చుల మీద వేస్తాడు, హ్రస్వాన్ని లాగి దీర్ఘం చేయడు. తెలుగులో పొట్టి అచ్చుకూ పొడుగు అచ్చుకూ అర్థమే మారిపోతుంది కాబట్టి ఇది సంగీత నియమంతో పాటు భాషా నియమం కూడా.

మూడోది మైకు. రంగస్థల నటుడు దూరంగా కూర్చున్నవాడి కోసం గొంతెత్తేవాడు. చెవి పక్కనే ఉన్న మనిషితో మాట్లాడినట్టు పాడవచ్చని ఘంటసాల గ్రహించాడు. మంద్రంలో మొదలుపెట్టి, నిలదీసే చోట మాత్రమే పైస్థాయికి వెళ్తాడు. కొసరాగాన్ని పూర్తిగా మానలేదు, దాని బరువు దించాడు. రెండు మూడు సంగతులు వేసి, రసం నిలవగానే ఆపేస్తాడు.

పువ్వుల మొర

సినిమాల బయట ఆయన ఇచ్చిన ప్లేట్లలో తలమానికం ‘పుష్పవిలాపం’. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి కావ్యఖండిక అది. పూజకోసం పూలు కోయబోయిన మనిషిని ఆ పూలే నిలదీస్తాయి. కథ ఇంతే. రాగాలు మారుతూ పద్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మనిషి చెప్పుకునేటప్పుడు గొంతు మామూలుగా ఉంటుంది, పువ్వు మొదట బతిమాలుతుంది, తర్వాత నిష్ఠూరమాడుతుంది. ఒక్క గొంతే ఇన్ని మనసులు పలుకుతుంది. వాద్యాలు పద్యానికి ఎక్కడా అడ్డం రావు. కరుణశ్రీ రాసిందే ‘కుంతీకుమారి’. కన్నబిడ్డను ఏట్లో వదిలే తల్లి కథను కూడా అదే తీరులో పాడాడు.

ఒక కొత్త కవి పద్యాలు, సినిమా అండ లేకుండా, దేవుడి పాటలు కాకుండా, పెళ్లి పందిళ్లలోనూ కాఫీ హోటళ్లలోనూ మోగడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. అంతకుముందు పుస్తకంలో చదివేవాళ్లకే దక్కే ఖండకావ్యం చదువు లేని వాళ్ల నోటికీ వచ్చింది.

తర్వాత ‘లవకుశ’, ‘పాండవ వనవాసం’ వంటి పౌరాణికాల్లో ఆయనే సంగీత దర్శకుడు, ఆయనే గాయకుడు. తెర మీద ఎన్.టి. రామారావు పద్యం చదువుతున్నాడని జనం నమ్మారంటే, నటుడి మాట తీరును గొంతులోకి తెచ్చుకున్నందువల్లే. 1970లో పద్మశ్రీ వచ్చింది. చివరగా భగవద్గీత శ్లోకాలు ఎంచుకుని, తెలుగు తాత్పర్యంతో రికార్డు చేశాడు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక ఆ ప్లేట్లు వెలువడ్డాయి. దిగులుపడి కూర్చున్న మనిషిని లేపి నిలబెట్టేందుకు చెప్పిన గీతను మనం ఇవాళ శవయాత్ర బండ్లకు పరిమితం చేసుకున్నాం. అది పాడినవాడి తప్పు కాదు.

కలిసివచ్చినదీ, కోల్పోయినదీ

ఈ విజయం వల్ల ఒక నష్టమూ జరిగింది. ఘంటసాల వరస ఎంతగా స్థిరపడిపోయిందంటే, తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఆ పద్యాలను ఆ రాగంలో, ఆ సంగతులతో, ఆయన ఊపిరి తీసుకున్న చోటే ఊపిరి తీసుకుంటూ పాడటమే పద్యగానం అనుకున్నారు. రంగస్థలం నాడు ఉన్న రకరకాల బాణీలు వెనకపడ్డాయి. ఆయన నుంచి తీసుకోవాల్సింది వరస కాదు, పద్ధతి. ఏ పద్యమైనా ముందు అర్థం చేసుకో, ఎక్కడ ఆగాలో తేల్చుకో, ఆ తర్వాతే రాగం వెతుక్కో అన్నది ఆ పద్ధతి. దాన్ని పోతన మీద, జాషువా మీద, ఇవాళ రాస్తున్న పద్యకవుల మీద ఎవరైనా ప్రయోగించి చూడవచ్చు.

బడుల్లో, తెలుగు సంఘాల్లో, అమెరికాలోని తెలుగువాళ్ల వేడుకల్లో ఇప్పటికీ పద్యాల పోటీలు జరుగుతున్నాయి. అవి నిర్వహించేవాళ్లకు ఒక్క మనవి. ఘంటసాల రికార్డు లేని పద్యాన్ని పిల్లలకు ఇవ్వండి. పాడే ముందు అర్థం సొంత మాటల్లో చెప్పించండి. మార్కుల్లో సగం గొంతుకు, సగం ఆగిన చోటుకు వేయండి. పద్యం బతకడానికి ఈపాటి మార్పు చాలు.