పాటల పుస్తకమునుండి సెల్‌ఫోనువఱకు: పొన్నై సీమలో తెలుగు పాట

పాట వినుటయు భాష నేర్చుటయు నొకటేనా యను ప్రశ్న తెలుగునాట నివసించువారికి తోచదు. ఇల్లు, వీధి, అంగడి, బడి యన్నియు తెలుగైనచోట పాట భాషకు అలంకారము మాత్రమే. తమిళనాట నున్న తెలుగువారి స్థితి వేఱు. ఇంట పెద్దలు మాటలాడు మాట, వేడుకలలో పాడు పాట, బడిలో తెలుగు గంట, ఈ మూడే మన భాషకు ముఖ్యాధారములు. కావున పాట వచ్చు త్రోవ మాఱినపుడు మన యిండ్లకు భాష వచ్చు త్రోవయు మాఱును. గడచిన పదేండ్లలో నీ మార్పు మిక్కిలి వేగముగ జరిగినది. వేలూరు మండలమందలి పొన్నై ప్రాంతమును దృష్టియందుంచుకొని దాని గుణదోషములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

పొన్నై కాట్పాడి తాలూకాలోని యూరు. చిత్తూరు సీమనుండి దిగివచ్చు నీవానదియే యిచట పొన్నై యేఱను పేరు దాల్చి పాలాఱులో కలియుచున్నది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడునంతవఱకు చిత్తూరును వేలూరును ఉత్తరార్కాడు జిల్లాలోనివే. 1953లో ఆంధ్రరాష్ట్రావతరణము, 1960లో సరిహద్దుల సవరణ జరిగినవి. గుడియాత్తము మొదలుకొని పొన్నై వఱకు తెలుగు మాటలాడు కుటుంబములు నేటికిని కలవు. వారి యిండ్లలో తెలుగు వినబడును. వారి వీధులలో తెలుగక్షరము కనబడుట అరుదు. చెవికి తెలుగు కలదు, కంటికి లేదు. సరిహద్దు తెలుగువారి భాషాజీవనమందలి ప్రధానమైన కొఱత యిదియే. పాటను గూర్చిన మన విచారమంతయు దీని చుట్టునే తిరుగవలసియున్నది.

పూర్వపు పద్ధతిని మొదట స్మరింతము. 1938లో మద్రాసు ఆకాశవాణి కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును ప్రారంభమైనవి. 1957లో వివిధభారతి వచ్చినది. సిలోను రేడియోలో తెలుగు పాటలు వచ్చు వేళకై యెదురుచూచిన తరము నేడును మనలో నున్నది. తెలుగు చిత్రపరిశ్రమ చాలకాలము మద్రాసునందే యుండెను. పింగళి, సముద్రాల, ఆత్రేయ మొదలగు కవులు అచటనే పాటలు వ్రాసిరి. ఘంటసాల అచటనే పాడి, 1974లో అచటనే తనువు చాలించెను. మనకు తెలుగు పాట పొరుగూరి సరకు. దూరదేశపు సరకు కాదు.

ఆనాటి శ్రవణమునకు రెండు విశేషములు గలవు. మొదటిది, అది పదిమంది కలసి వినునది. ఇంటిలో నొక రేడియో మ్రోగిన నవ్వకును అవ్వ మనుమనికిని ఒకే పాట వినవచ్చెడిది. మనుమనికి తెలియని మాటను అవ్వ చెప్పెడిది. రెండవది, పాటకు తోడుగ అక్షరముండెడిది. చిత్రశాలల యొద్ద పాటల పుస్తకములు స్వల్పమూల్యమున కమ్మెడివారు. చౌకకాగితముపై కథాసంగ్రహమును, పాటల సాహిత్యమును, కవి, గాయకుల పేర్లును అచ్చువేయబడెడివి. విద్వాంసులు వానిని పుస్తకములుగ లెక్కింపలేదు. గ్రంథాలయములు వానిని భద్రపఱచుటయు తక్కువ. ఐనను, బడిలో తెలుగు చదువని యనేకులకు తెలుగులో తనివితీర చదివిన గ్రంథమదియే. పాట ముందే కంఠస్థమగుటచే చదువుట సుకరము. చెవి యెఱిగినదానిని కన్ను గుర్తుపట్టును. పెద్దబాలశిక్ష తరువాత మన ప్రాంతపు సామాన్యులకు లిపిని నిలిపియుంచినది పాటల పుస్తకమే యనుట అతిశయోక్తి కానేరదు.

ఇక నేటి స్థితి. 2016 సెప్టెంబరులో జియో ప్రారంభమైన పిదప అంతర్జాలము పల్లెలకును చౌకగ లభించినది. గానా, సావన్ మొదలగునవి యంతకుముందే యుండెను. సావన్ 2018లో జియోసావన్ అయ్యెను. 2019లో స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ మన దేశమునకు వచ్చెను. పాటను కొని దాచుకొనక, కోరినపుడెల్ల ప్రవాహమువలె వచ్చుచుండగ వినుటయే స్ట్రీమింగు. సామాజిక మాధ్యమములందును అలవాట్లు మాఱినవి. పెద్దలు ఫేస్‌బుక్కు, వాట్సప్పులయందు నిలిచిరి. పిల్లలు టిక్‌టాకునకు పోయిరి. 2020 జూనులో ప్రభుత్వము దానిని నిషేధింపగా, మఱుసటి నెలలోనే వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ రీల్సునకు తరలిరి.

దీనివలన కలిగిన లాభమును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. పొన్నైలోని బాలునకు నేడు హైదరాబాదు బాలునితో పాటు అదే దినమున, అదే గడియలో క్రొత్త పాట వినబడును. త్యాగరాజ కృతియు అన్నమయ్య కీర్తనయు వేళను గడియారమును అడుగక వచ్చును. “బుట్టబొమ్మ” పాటకు 2020లో ఆస్ట్రేలియా క్రికెటు క్రీడాకారుడు డేవిడ్ వార్నర్ కుటుంబసహితముగ నాడగా లోకము చూచెను. 2023 మార్చిలో “నాటు నాటు” పాటకు ఆస్కారు బహుమానము లభించెను. తమ యింటి మాటను తరగతిలో పలుకుటకు సంకోచించు పిల్లలు, ఆ పాటలను ధైర్యముగ పాడిరి. మన భాషపట్ల పిల్లల సిగ్గును పోగొట్టుటలో ఉపన్యాసములకంటె ఈ పాటలు ఎక్కువ పనిచేసినవని తెలుగుపంతులుగా నేను సంతోషముతో నంగీకరింతును.

ఐనను, పాడుట వేఱు, ఎఱుగుట వేఱు. నా తరగతిలోని పిల్లలను తాము పాడు పాటను వ్రాసి చూపుడని యడిగితిని. కొందఱు రోమను లిపిలో వ్రాసిరి. కొందఱు తమిళలిపిలో వ్రాసిరి. తెలుగున వ్రాయబూనినవారు దీర్ఘమెచట, ఒత్తెచటయని తడబడిరి. ఇది వారి దోషము కాదు. వారి కన్నులకు ఆ పాట ఏనాడును తెలుగక్షరములతో కనబడలేదు. సెల్‌ఫోనుపై పాటతోపాటు వచ్చు సాహిత్యము తఱచు రోమను లిపిలోనే యుండును. తెలుగులిపిలో నున్న వీడియోలు లేకపోలేదు గాని, వెదకినగాని దొరకవు.

లిపి మాఱిన నేమి, పాట పాటయే కదా యని యందురు. రెండు దృష్టాంతములను పరికింతము. తమిళలిపిలో ప, బ లకు ఒకే యక్షరము. “బుట్టబొమ్మ” యని వ్రాసినను “పుట్టపొమ్మ” యని చదువ వీలగును. బుట్ట వెదురుతో నల్లినది; పుట్ట పాములుండునది. బుట్టబొమ్మ యనగా, లోన మనిషి దూరి తిరునాళ్లలో నాడించు పెద్దబొమ్మ. ఆ చిత్రము మనసునకు రాకున్న, పాట వ్రాసిన రామజోగయ్యశాస్త్రి శ్రమ సగము వ్యర్థమైనట్లే. రెండవది, “సామజవరగమన.” రోమను లిపిలో వ్రాసిన “సామజ” మును “సమాజ” మని చదువవచ్చును; హ్రస్వదీర్ఘముల భేదము అందు గోచరింపదు. ఒకటి ఏనుగు, వేఱొకటి సంఘము. తరగతిలో నొకడు ఈ పాట సమాజసేవను గూర్చినదనియే యనుకొనెను.

ఈ రెండవ పాట చరిత్రమును కొంచెము విచారించుట అవసరము. సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాసినది, 2019లో వెలువడినది. పాడిన సిద్ శ్రీరామ్ చెన్నైలో పుట్టి అమెరికాలో పెరిగినవాడు. పల్లవిలోని యా సంబోధన త్యాగరాజస్వామి హిందోళ రాగకృతినుండి వచ్చినది. అచట గజగమనుడైన కృష్ణుని పిలిచిన పిలుపు, ఇచట నాయికకై వాడబడినది. చిత్రమునకు “అల వైకుంఠపురములో” యను పేరు పోతన గజేంద్రమోక్షమునుండి వచ్చినది. ఇట్లు ఒక సినిమాపాటను పట్టుకొని బాలుని త్యాగరాజు నొద్దకును పోతన నొద్దకును గొనిపోవచ్చును. “సామజ” యను పదము అక్షరములలో కనబడి, విడదీయబడి, అర్థము తెలిసిననే యా మార్గము తెఱచుకొనును. చెవికి మాత్రము తెలిసిన పదము ధ్వనిగనే మిగిలిపోవును.

రెండవ దోషము ఖండీకరణము. స్పాటిఫై లెక్కలో ముప్పది సెకండ్లు విన్ననే యొక వినికిడి యగును. రీల్సు మన దేశమున మొదలైనపుడు దాని నిడివి పదునైదు సెకండ్లు. ఫలితముగ పాటయందలి పట్టు పల్లవికి ముందే, లేక పల్లవిలోనే, పడవలసి వచ్చినది. యంత్రము పాటను కుదించుట క్రొత్త గాదు. 78 పరిభ్రమణముల గ్రామఫోను రికార్డు ఒక ప్రక్కన ఇంచుమించు మూడు నిమిషములే పట్టెడిది. కాని యా మూడు నిమిషములలో పల్లవియు చరణములును కుదిరి సంపూర్ణమైన పాట యుండెడిది. నేటి ఖండములో చరణమునకు తావు లేదు. పల్లవి భావమును సూచించును. చరణము దానిని పెంచి, నిరూపించి, తిరిగి పల్లవికి క్రొత్త యర్థము నిచ్చును. చరణము వినని శ్రోతకు తెలుగు గేయకవితయొక్క నిర్మాణమే తెలియదు. పిల్లలు వందలకొలది పల్లవులెఱుగుదురు. ఒక్క పాట పూర్తిగ వచ్చినవారు తక్కువ.

మూడవది, కవి మఱుగుపడుట. రేడియోలో పాటకు ముందో వెనుకనో చిత్రము, రచయిత, సంగీతదర్శకుడు, గాయకుడు అని పేర్లు చదివెడివారు. సెల్‌ఫోను తెఱపై చిత్రము బొమ్మయు గాయకుల పేర్లును ముందు కనబడును. రచయితను వేఱొక పుటలో వెదకవలెను. 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము పాటల రచయితలకు రాబడిలో భాగముండవలెనని స్థిరపఱచినది. చట్టము గుర్తించిన కవిని శ్రోత గుర్తింపకుండుట విచారకరము.

దీనికి తోడు ఎన్నికయను సమస్య కలదు. “నాటు నాటు” పాటకు తమిళమున “నాట్టు కూత్తు” అను రూపము కలదు. రెండును ఒక వ్రేలిదూరములో నున్నవి. యంత్రము శ్రోత విన్నదానిని బట్టి తరువాతి పాటను తానే యెన్ను స్వభావము గలది. ఒకమాఱు తమిళరూపమును వినిన, మఱల నట్టివే వచ్చును. తమిళము మనకు పరాయిది కాదు. 2006 చట్టమువలన అది బడిలో నిర్బంధపాఠ్యమైనది, దానిని చక్కగ నేర్చుట మన పిల్లలకు శ్రేయస్కరము. కాని తెలుగు పాటను తెలుగుననే వినుటకు ఇంటివారు బుద్ధిపూర్వకముగ నెన్నుకొనవలసి యున్నది. పూర్వము రేడియో మనకై యెన్నుకొన్న పనిని నేడు తల్లిదండ్రులు చేయవలెను.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. అక్షరమెఱుగని మన పూర్వులు మంగళహారతులను, భారతకథలను తరతరములుగ నోటనే కాపాడలేదా యని. నిజమే. అయితే ఆ నోటికి ఎదురుగ మఱియొక నోరుండెడిది. అవ్వ పాడును, మనుమరాలు తప్పు పాడును, అవ్వ దిద్దును. సెల్‌ఫోను ఎన్నిమాఱులైనను పాడును గాని, ఒక్కమాఱైనను దిద్దదు. మౌఖిక సంప్రదాయమునకు ప్రాణము దిద్దుబాటు. ఆ దిద్దుబాటు పోయినచోట అక్షరమే శరణ్యము. ఇయర్‌ఫోను చెవిలో నుంచుకొని యొంటరిగ వినువారికి రెండును లేవు.

ఇంకొక సంగతి. యంత్రమున నున్నది మన సొత్తు కాదు. టిక్‌టాకు నిషేధముతో అందలి యాటపాటలు మన దేశమువారికి ఒక్కమాఱుగ మఱుగైనవి. వింక్ అను పాటల సేవయు 2024లో మూతపడినది. చినిగిన పాటల పుస్తకమైనను పెట్టెలో నున్నంతకాలము చదువవచ్చును.

ఈ మాటలచే యంత్రమును విడువుమని నా యుద్దేశము కాదు. విడుమన్నను విడుచువారు లేరు. ఆ యంత్రమునకు లోపించిన దానిని మనము చేర్చవలెను. వాట్సప్పున మన యిండ్ల పెద్దమ్మలు, అత్తలు హారతిపాటలను తమ గొంతులతో పాడి పంపుకొనుచున్నారు. ఇది మేలైన యలవాటు. ప్రతి పాటకు క్రింద తెలుగులిపిలో సాహిత్యమును ఇంటి పిల్లలచేత వ్రాయించిన, పెద్దలు దిద్దిన, పూర్వపు దిద్దుబాటు క్రొత్త మార్గమున తిరిగివచ్చును. బడిలో నెలకొక పాటను పల్లవి, చరణములతో, కవిపేరుతో నల్లబల్లపై వ్రాసి, కఠినపదముల కర్థము చెప్పి, పిల్లలచేత నకలు తీయించుట కష్టమైన పని కాదు. తెలుగు సంఘములు తమ ప్రాంతపు పెండ్లిపాటలు, హారతులు, కోలాటపు పాటలు సేకరించి, చౌకకాగితముపైనైనను చిన్న పుస్తకములుగ నచ్చువేయవచ్చును. చిత్రశాలల వాకిటి పుస్తకములు చేసిన సేవను నేడు మన సంఘములు చేయవలసియున్నది.

తెలుగు పాట నేడు మన పిల్లల చెవులను నింపుచున్నది. ఇంతటి సౌలభ్యము మన పెద్దలకు లేదు. దానిని కంటికిని చేతికిని అందించు బాధ్యత యంత్రముది కాదు. ఇంటిది, బడిది, సంఘముది. ఆ పని జరిగిన, పొన్నై సీమలో తెలుగు పాడబడుటయే గాక చదువబడును, వ్రాయబడును. జరుగకున్న, మన మనుమలు తెలుగు పాటలను అర్థము తెలియని మధురధ్వనులుగా మాత్రమే పాడుకొందురు.