లూసిల్‌ను పలికించిన చేయి

బి.బి. కింగ్ పాడేటప్పుడు గిటార్ వాయించేవారు కాదు, వాయించేటప్పుడు పాడేవారు కాదు. రెండూ ఒకేసారి చేయడం తనకు చేతకాదని ఆయనే చెప్పుకునేవారు. మూడు నాలుగు తీగలు కలిపి మోగించే కార్డ్స్ కూడా తనకు సరిగా రావనేవారు. గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ మొదట నేర్చుకునే పనులివి. వాటిని పక్కన పెట్టి, ఒక్కొక్క స్వరాన్నే నమ్ముకుని ఆయన బ్లూస్ గిటార్ నడకనే మార్చేశారు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తరం వాళ్లంతా ఆయన రికార్డులు విని నేర్చుకున్నవాళ్లే.

అసలు పేరు రైలీ కింగ్. 1925 సెప్టెంబర్ 16న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఇట్టా బెనా ఊరి దగ్గర, పాలికి సేద్యం చేసుకునే నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తల్లి చిన్నతనంలోనే పోయింది. పత్తి ఏరారు, ఇండియనోలాలో ట్రాక్టర్ నడిపారు, చర్చిలో పాడారు. తర్వాత మెంఫిస్ చేరి, నల్లజాతి శ్రోతల కోసం నడిచే డబ్ల్యు.డి.ఐ.ఎ. రేడియోలో పాటలు వేసే ఉద్యోగం చేశారు. అక్కడ తగిలించిన ‘బ్లూస్ బాయ్’ అన్న పేరే కుదించుకుని బి.బి. అయింది. 1951లో రికార్డు చేసిన ‘త్రీ ఓ క్లాక్ బ్లూస్’ మరుసటి ఏడాది రిథమ్ అండ్ బ్లూస్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది.

మెంఫిస్‌లో ఆయనకు ఆశ్రయమిచ్చిన బంధువు బుక్కా వైట్ స్లైడ్ వాయించడంలో ఘనుడు. స్లైడ్ అంటే వేలికి లోహపు గొట్టం తొడిగి తీగ మీద జార్చడం. స్వరం మెట్టుకూ మెట్టుకూ మధ్య తెగకుండా మనిషి గొంతులా సాగుతుంది. కింగ్ ఎంత ప్రయత్నించినా ఆ విద్య పట్టుబడలేదు. ఆ నాదం మాత్రం చెవిలోంచి పోలేదు. అందుకే వట్టి వేలితోనే దాన్ని రాబట్టడానికి పూనుకున్నారు. బొటనవేలిని గిటార్ మెడ నుంచి వదిలేసి, చూపుడువేలిని తీగ మీద ఆనించి, మణికట్టునూ ముంజేతినీ కదిలిస్తూ స్వరాన్ని ఊగించేవారు. ఆ చేయి రెక్కలాడిస్తున్నట్టు కనబడుతుంది కాబట్టి దాన్ని సీతాకోకచిలుక కంపనం అంటారు. వేగం, వెడల్పు అంతా ఆయన అదుపులోనే. ఒక్క స్వరం వినగానే వాయిస్తున్నది కింగ్ అని పోల్చుకోగలిగేది ఈ కంపనం వల్లే.

ఆయన వాద్యంలో రెండో విశేషం తీగ లాగడం. వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం తీయడం మనకు తెలిసిందే. కింగ్ కూడా రిషభం దగ్గర మీటి, తీగను లాగి గాంధారానికి చేరుస్తారు. అయితే ఆ గాంధారం సాధారణమూ కాదు, అంతరమూ కాదు. రెంటికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. బ్లూస్ దిగులంతా ఆ నడిమి చోటులోనే ఉందని నా నమ్మకం. పియానో మెట్ల మీద ఆ చోటు దొరకదు.

ఇక పాటకూ వాద్యానికీ జరిగే సంభాషణ. బ్లూస్ పాట సాధారణంగా పన్నెండు బార్ల (తాళ ఖండాల) ఆవృత్తంలో తిరుగుతుంది. మొదటి చరణం రెండుసార్లు, దానికి ముక్తాయింపుగా మూడోది. ఒక్కో చరణానికి నాలుగు బార్లు. మాటలు సగంలోనే అయిపోతాయి, మిగిలిన సగం ఖాళీ. ఒకరు పిలిస్తే పదిమంది బదులు పాడే నల్లజాతి పొలం పాటల, చర్చి పాటల అలవాటు ఆ ఖాళీలో బతికి ఉంది. కింగ్ విషయంలో బదులు పలికేది గిటార్. తన గిటార్లన్నిటికీ ఆయన పెట్టుకున్న పేరు లూసిల్. 1949లో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో, ఒక ఆడమనిషి కోసం ఇద్దరు కొట్టుకుని కిరసనాయిలు పీపా తన్నేయడంతో ఆయన వాయిస్తున్న నాట్యశాల తగలబడింది. బయటపడ్డ కింగ్ గిటార్ కోసం మళ్లీ మంటల్లోకి వెళ్లారు. అలాంటి తెలివితక్కువ పని మళ్లీ చేయకూడదని ఆమె పేరే గిటార్‌కు పెట్టుకున్నారు.

1956లో ఒక్క ఏడాదే 342 కచేరీలు చేశారు. తెల్లజాతి యువత ఆయన్ను గుర్తించడానికి మరో పదేళ్లు పట్టింది. 1967లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్‌లో ఆ శ్రోతలు లేచి నిలబడి స్వాగతం పలికితే ఆయన కంటతడి పెట్టారు. 1970లో షికాగోలోని కుక్ కౌంటీ జైలుకు వెళ్లి ఖైదీల ముందు వాయించారు. ఆ తర్వాత కూడా జైళ్లలో పాడుతూనే వచ్చారు. ఆయన కీర్తిలో గ్రామీ అవార్డుల లెక్క కంటే నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

జీవితాంతం అవే పోకడలు వాయించారని కొందరంటారు. నేను ఒప్పుకోను. పదే పదే వచ్చే ఆ కొద్ది స్వరాలే ప్రతి కచేరీలోనూ కొత్త బరువుతో దిగుతాయి. మధుమేహంతో కుర్చీలో కూర్చునే వాయించిన చివరి ఏళ్లలోనూ ఆ కంపనం చెదరలేదు. 2015 మే 14న, 89 ఏళ్ల వయసులో లాస్ వేగాస్‌లో కన్నుమూశారు. ట్రాక్టర్ నడిపిన ఇండియనోలాలోనే, ఆయన పేరిట వెలసిన మ్యూజియం ఆవరణలో సమాధి ఉంది.

ఆయన్ను ఇంతవరకు విననివారు 1964 నవంబర్‌లో షికాగోలో రికార్డయిన ‘లైవ్ ఎట్ ద రీగల్’తో మొదలుపెట్టండి. మొదటిసారి గొంతు వినండి, రెండోసారి గొంతు ఆగిన చోట్ల గిటార్ ఏమంటోందో వినండి.